వంగియు నిలిచిన కొయ్య మేడ

ఇంగ్లండు దేశపు వాయవ్య భాగమున చెషైర్ అను కౌంటీ కలదు. పాడికిని జున్నుకును పేరుపడిన సీమ అది. అందు కాంగిల్టన్ పట్టణమునకు నైరుతి దిశగా నాలుగున్నర మైళ్ల దూరమున, పచ్చిక బయళ్ల నడుమ, చుట్టును నీటి కందకముతో ఒక కొయ్య మేడ నిలిచియున్నది. దాని పేరు లిటిల్ మోర్టన్ హాలు. దానిని తొలిసారి చూచువారికి మొదట కలుగునది భయము. మూడంతస్తుల మేడ; పై అంతస్తులు క్రిందివానికంటె ముందుకు చొచ్చుకొని వచ్చినవి; అన్నింటికిని పైన బరువైన రాతిపలకల కప్పు. సరిగా అడ్డముగా నున్న దూలమును, సరిగా నిలువుగా నున్న స్తంభమును వెదకి పట్టుకొనవలసినదే. కిటికీల వరుస అల వలె పైకి లేచి క్రిందికి దిగును. ఇల్లంతయు కందకపు నీటిలో తన నీడను చూచుకొనుటకు ముందుకు వంగినట్లుండును. అది అట్లు వంగి నిలుచుట నాలుగు శతాబ్దులకు పైబడినది.

శ్రోతలారా, ఈ ఇల్లు ఎట్లు కట్టబడినదో, ఎందులకు వంగినదో, దానిని కాపాడుటలో ఎట్టి చిక్కులు వచ్చినవో ఈ పూట చెప్పదలచితిని.

ఇటుకతోనో రాతితోనో కట్టిన ఇంట గోడయే బరువును మోయును. గోడ తీసినచో కప్పు దిగును. లిటిల్ మోర్టన్ హాలు కట్టుబడి వేరు. ఇందు బరువును మోయునది కొయ్య చట్రము. నిలువు స్తంభములు, అడ్డ దూలములు, ఆ రెంటిని కదలనీయక బిగించు ఏటవాలు కర్రలు కలిసి పంజరము వలె ఇంటిని నిలుపును. గోడ ఆ పంజరమునకు తొడిగిన చొక్కా మాత్రమే. ఇట్టి ఇండ్లలో కర్రలకు నడుమనున్న ఖాళీలను సన్నని కొమ్మలతో తడిక వలె అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపిన అడుసును రెండు వైపులను మెత్తి, పైన సున్నము పూసెడివారు. పల్లెటూళ్లలో మట్టి మెత్తిన తడిక గోడను చూచిన శ్రోతలకు ఇందు క్రొత్తదనమేమియు తోచకపోవచ్చును. సూత్రము ఒక్కటే. ధనికుడైన భూస్వామి మూడంతస్తుల ఎత్తున తన వైభవమును చాటుకొనుటకు ఆ సూత్రమునే నమ్ముకొనుట ఇచ్చటి వింత.

కొయ్య ఓకు మ్రానిది. చెషైర్ మైదానమున ఓకు విరివిగా దొరకెడిది. ఆ కాలపు ఇంగ్లీషు వడ్రంగులు దానిని పచ్చిగా నుండగనే వాడెడివారు. మన వడ్రంగి ఏండ్ల తరబడి ఆరిన కొయ్యను గాని మెచ్చడు. కావున ఈ మాట విడ్డూరముగా వినిపించును. కాని ఓకు పూర్తిగా ఆరినచో ఉలికి లొంగనంత గట్టిపడును. అందుచే చెట్టు కొట్టిన కొలదికాలమునకే చెక్కి, కూర్చి, నిలబెట్టి, ఆరుట అను పనిని ఇంటికే వదలివేసెడివారు. అట్లు ఆరునపుడు కొయ్య క్రుంగును, మెలి తిరుగును. కీళ్లు ఒండొంటిని గట్టిగా పట్టుకొనును. కనుక ఇట్టి ఇండ్లలో కనిపించు వంపులలో కొంత భాగము మొదటి ఏండ్లలోనే వచ్చినది. దానిని వృద్ధాప్య చిహ్నమని తలపరాదు.

కీలు కట్టు విధము చెప్పెదను. ఒక దూలపు కొనను నాలుక వలె చెక్కుదురు. రెండవ దూలమున ఆ నాలుకకు సరిపడు తొర్ర తొలుతురు. నాలుకను తొర్రలో దూర్చి, రెంటికిని అడ్డముగా బెజ్జము వేసి, కొయ్య మేకు దిగగొట్టుదురు. అయితే నాలుకయందలి బెజ్జమును, తొర్ర ప్రక్కలనున్న బెజ్జమును ఒకే సూటిలో వేయరు. వెంట్రుకవాసి ఎడముగా వేయుదురు. మేకు దిగిన కొలది నాలుకను లోనికి లాగుకొని కీలు బిగియును. ఇనుప మేకులతో ఈ పని జరుగదు. పచ్చి ఓకులోని వగరు రసము ఇనుమును తినివేయును. కొయ్య మేకు మాత్రము తాను దిగిన కొయ్యతో కలిసి ముసలిదగును.

ఇంకొక సంగతి. ఈ చట్రములను సాధారణముగా ఇల్లు కట్టు చోట చెక్కెడివారు కారు. వడ్రంగి తన ఆవరణమున నేలపై పరచి, ముక్క ముక్కకు సరిచూచి, ఏ ముక్క దేనితో కలియవలెనో ఉలితో గుర్తు చెక్కి, విడదీసి, బండ్లపై తెచ్చి మరల కూర్చెడివాడు. ఆ గుర్తులు రోమను అంకెలు. ఉలితో గుండ్రని గీత గీయుట కష్టము, తిన్నని గీత సులువు. అందుచే ఆ అంకెలు వడ్రంగికి చక్కగా కుదిరినవి. యంత్రశాలలలో భాగములు తయారుచేసి తెచ్చి కూర్చు ఇండ్లను నేటివారు నవీన పద్ధతి యందురు. ఓకు వడ్రంగులు వినినచో నవ్వుకొందురు.

ఇక ఈ ఇంటి చరిత్ర. విలియం మోర్టన్ అను సంపన్న భూస్వామి 1504–1508 ప్రాంతమున దీనిని కట్టనారంభించెను. తరువాతి తరములవారు తలకొక భాగముగా చేర్చుచు 1610 వరకు కట్టుచునే పోయిరి. ఇంటికంతటికి ఒక నక్ష గాని, ఒక శిల్పి గాని లేడు. రాళ్లు పరచిన చిన్న ముంగిలి. దానికి మూడు వైపుల మూడు వరుసల కట్టడములు. ఒకదానితో మరియొకటి పోలదు. పదహారవ శతాబ్దపు నడుమ ఈ కుటుంబము క్రింద 1,360 ఎకరముల భూమి ఉండెడిది. ఆ రాబడి ఓకు దూలములుగా మారినది.

మొదట కట్టినది పెద్ద చావడి. ఇంటివారు, పనివారు అందరు కలిసి భోజనము చేయు చోటు. తొలుత నడినేలపై మంట వేసి, పొగను కప్పులోనుండి పోనిచ్చెడివారు. 1559లో ఈ చావడికిని, ప్రక్క గదికిని ముంగిలివైపు రెండు గొప్ప కిటికీలు అమర్చబడినవి. కిటికీలనుటకంటె ముంగిలిలోనికి పొడుచుకొనివచ్చిన గాజు బురుజులనుట తగును. వానిపై చెక్కిన రాతలు నేటికిని చదువవచ్చును. మొదటి రాతలో దైవస్తుతి, పిమ్మట ఈ కిటికీలను చేయించినవాడు విలియం మోర్టన్ అనియు, సంవత్సరమును ఉన్నవి. ఈయన మొదటి విలియమునకు తరువాతి తరపు విలియము. రెండవ రాతలో, దైవానుగ్రహమున వీనిని చేసినవాడు వడ్రంగి రిచర్డ్ డేల్ అని ఉన్నది. ఇంటి యజమాని తన ముంగిట, తన పేరు సరసన, పనివాని పేరును చెక్కనిచ్చినాడు. ఈ ఇంటి అలంకారములన్నింటిలో నాకు ఈ రాత మిక్కిలి ప్రియమైనది. పదహారవ శతాబ్దపు ఇంగ్లీషు ఇండ్లను కట్టిన వడ్రంగులలో ఎందరి పేర్లు మనకు దక్కినవి?

గాజు ఆనాడు మిక్కిలి వెలగల వస్తువు. పెద్ద పలకలు చేయు నేర్పు ఇంకను రాలేదు. చిన్న చిన్న బిళ్లలను సీసపు పట్టీలతో అతికి కిటికీని నింపెడివారు. ఈ ఇంట అట్టి బిళ్లలు 30,000 వరకు ఉన్నవని లెక్క. వానిని పలు విధముల ఆకృతులుగ కూర్చిరి. ఇల్లు వంగినపుడు సీసము కొంత సాగును గనుక, ఒక్క పెద్ద పలక పగిలిపోవు చోట ఈ చిన్న బిళ్లలు నిలిచినవి.

వంగుటకు కారణమునకు వచ్చితిమి. కందకము దాటి లోనికి వచ్చు ద్వారము దక్షిణపు వరుసలో నున్నది. ఆ వరుసను 1560–62 ప్రాంతమున జాన్ మోర్టన్ కొరకు కట్టిరి. క్రింద ద్వారము, పైన అతిథుల గదులు. ఒక ప్రక్కన మరుగుదొడ్ల గోపురము, తిన్నగా కందకములోనికి. దానిని గూర్చి ఇంతకంటె చెప్పనక్కరలేదు. రెండంతస్తులతో ఆగవలసిన కట్టడమిది. కాని పని మొదలైన పిమ్మట యజమానికి మరియొక కోరిక పుట్టినట్లు కట్టడమును పరీక్షించినవారు చెప్పుచున్నారు. ఆ దినములలో ఇంగ్లండు ధనికుల ఇండ్లలో పొడవైన వసారా వంటి గది కట్టుట పెద్ద వేడుక. వాన నాడు ఇంటివారు వ్యాహ్యాళి చేయుటకు, ఆటలాడుటకు అది పనికివచ్చెడిది. జాన్ మోర్టన్‌కును అట్టిది కావలసివచ్చినది. దక్షిణపు వరుస నెత్తిన, ఈ చివరనుండి ఆ చివరకు, 68 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుగల గదిని ఎక్కించిరి. దాని పొడవైన ప్రక్కల దాదాపు ఎడతెగని కిటికీలు. అనగా గోడలో బలము చాల తక్కువ. దానిపై గడ్డి గాదు, పెంకు గాదు, ముతక ఇసుకరాతి పలకల కప్పు!

క్రింది అంతస్తులను కట్టిన వడ్రంగి ఇంత బరువును లెక్కించి యుండలేదు. రాతికప్పు దిగువకు నొక్కినది. వాలుకప్పు స్వభావమేమనగా, బరువు పెరిగిన కొలది రెండు ప్రక్కల గోడలను వెలుపలికి త్రోయును. నేల దూలములు నడుమ దిగినవి, అంచుల వంగినవి. గది నిలువున చీలిపోవునను భయముతో, బహుశః పదునేడవ శతాబ్దమున, కప్పు చట్రములకు అడ్డముగా దూలములు వేసి రెండు ప్రక్కలను కలిపి పట్టిరి. నేడు ఆ గదిలో నడచువారు పడవపై నడచినట్లు పైకెక్కి క్రిందికి దిగుదురు.

గది రెండు చివరల పైభాగమున సున్నముతో చేసిన బొమ్మలున్నవి. ఒక చివర అదృష్టదేవత, తన చక్రముతో. మరియొక చివర విధి, తన గోళముతో. చక్రమును నడుపునది అజ్ఞానమనియు, గోళమును నడుపునది జ్ఞానమనియు వాని రాతల భావము. ఈ బొమ్మలకు మాతృక 1556లో అచ్చయిన ఒక ఖగోళ గ్రంథము. దాని కర్త రాబర్ట్ రికార్డ్. ఆయనను మన పాఠశాల విద్యార్థి ప్రతివాడును ఎరుగును, పేరు మాత్రమెరుగడు. లెక్కలలో రెండు రాశులు సమానమని చూపుటకు మనము గీయు రెండు గీతల గుర్తును 1557లో ప్రవేశపెట్టినవాడు ఆయనయే. జ్ఞానమును గూర్చిన ఆ బొమ్మలు, బరువు లెక్క తప్పిన గదిలోనే వెలసినవి. ఆ గది చెక్క గోడల వెనుక పదునేడవ శతాబ్దపు టెన్నిసు బంతులు నాలుగు దొరకినవి. గది దేనికి ఉపయోగపడెనో వేరే సాక్ష్యమక్కరలేదు.

పిమ్మట కుటుంబమునకు చెడ్డ దినములు వచ్చినవి. 1642లో మొదలైన ఇంగ్లండు అంతర్యుద్ధమున మోర్టనులు రాజు పక్షము వహించిరి. పార్లమెంటు పక్షమువారు ఇంటిని స్వాధీనము చేసికొని సైనికులను దింపిరి. ఇల్లు తిరిగి దక్కినది గాని సొమ్ము పోయినది. 1654లో మరణించిన విలియం మోర్టన్ మిగిల్చిన ఋణము మూడు నాలుగు వేల పౌనులు. 1670ల చివరకు కుటుంబము ఈ ఇంట కాపురముండుట మానినది. రైతులకు కౌలుకిచ్చిరి. 1841లో కౌలు పుచ్చుకొనిన కుటుంబపు ఇంటిపేరు డేల్. వారు నూరేండ్లకు పైగా అచ్చటనే యుండిరి. మూడు శతాబ్దులకు ముందు కిటికీలు చేసిన వడ్రంగి ఇంటిపేరును అదియే. 1847 నాటికి ఇంటిలో పెక్కు గదులు పాడుపడినవి. కిటికీలకు చెక్కలు కొట్టిరి. కప్పు కుళ్లినది. ప్రార్థనాలయమున బొగ్గులు పోసికొనిరి.

ఈ దారిద్ర్యమును తలచుకొని జాలిపడుదుము. కాని మోర్టనులు ధనికులుగనే యుండినచో ఈ ఇల్లు మనకు దక్కెడిది కాదని నా నమ్మకము. పదునెనిమిదవ శతాబ్దమున చేతిలో సొమ్మున్న ఇంగ్లీషు ప్రభువులు పాత కొయ్య ఇండ్లను మోటుదనమని పడగొట్టి, ఇటుకతోను రాతితోను గ్రీకు స్తంభముల మేడలు కట్టిరి. పడగొట్టనివారు కొయ్యను గచ్చుతో కప్పిరి. మోర్టనులకు పడగొట్టుటకును సొమ్ము లేకపోయెను.

పంతొమ్మిదవ శతాబ్దాంతమున ఇల్లు ఎలిజబెత్ మోర్టన్ అను సన్యాసినికి వారసత్వముగా వచ్చినది. ఆమె ప్రార్థనాలయమును బాగుచేయించినది. పొడవు గది విడిపోకుండ ఉక్కు కడ్డీలు వేయించినదియు బహుశః ఆమెయే. కొయ్య పంజరమునకు ఉక్కు తగిలించుట తగునా యని వాదించువారు ఉందురు. ఆ కడ్డీలు లేనిచో వాదించుటకు గది యుండెడిది కాదేమో. 1912లో ఆమె మరణించునపుడు, ఇంటిని ఎన్నడును అమ్మరాదను నియమముతో తన బంధువైన డెర్బీ బిషప్పు ఛార్లెస్ ఏబ్రహామునకు వ్రాసియిచ్చినది. ఆయన ఆరు పెన్నీల రుసుము పుచ్చుకొని జనులకు చూపుచు, మరమ్మతులు సాగించెను. 1938లో ఇల్లు నేషనల్ ట్రస్టుకు అప్పగింపబడినది.

1895లో స్థాపింపబడిన ఈ ట్రస్టు మొదట కొనిన కట్టడమును కొయ్య చట్రపు ఇల్లే. ఆల్ఫ్రిస్టన్ అను గ్రామమున పదునాలుగవ శతాబ్దపు పురోహితుని ఇంటిని 1896లో పది పౌనులకు కొనిరి. నేడు లిటిల్ మోర్టన్ హాలు చట్టరీత్యా మొదటి శ్రేణి రక్షిత కట్టడము. ఇంగ్లండున జాబితాకెక్కిన కట్టడములలో నూటికి రెండున్నర మాత్రమే ఆ శ్రేణికి చెందినవి. ఇంటి చుట్టునున్న కందకపు నేలకు ప్రాచీన స్మారకముగా వేరొక రక్షణ కలదు. అనుమతి లేనిది ఒక్క దూలమును మార్చరాదు.

అయితే రక్షించుట యనగా ఏమి? వంగిన ఇంటిని తిన్నగా నిలబెట్టుటయా? రిచర్డ్ డేల్ నాటి రూపమునకు తెచ్చుటయా? ఈ వివాదము ఇంగ్లండున పాతది. పాత కట్టడములను తొలిరూపమునకు తెత్తుమని చెప్పి అడ్డదిడ్డముగా చెక్కివేయుచున్న కాలమున, 1877లో విలియం మారిస్ మొదలగువారు ఒక సంఘమును స్థాపించి, మరమ్మతు చేయుడు గాని పునఃసృష్టి చేయకుడని పట్టుబట్టిరి. లిటిల్ మోర్టన్ హాలు విషయమున వారి మాటయే సరియని నాకు తోచుచున్నది. నాలుగు వందల ఏండ్లుగా వంగుచు వచ్చిన దూలము ఆ వంపునకే అలవాటుపడినది. కీళ్లు ఆ కోణములోనే బిగిసినవి. దానిని బలిమిని తిన్నచేసినచో మేకులు విరుగును, సున్నపు బొమ్మలు రాలును, బిళ్లలు పగులును. కుళ్లిన మేరకు కోసివేసి, ఆ చోట క్రొత్త ఓకును పాత పద్ధతిని అతుకుటయే ఇట్టి ఇండ్లకు తగిన చికిత్స. చట్రపు ఖాళీలను సిమెంటుతో నింపుట కూడ హాని. సున్నము, మట్టి తేమను పీల్చి వదలును. సిమెంటు తేమను బంధించి కొయ్యను లోలోపల కుళ్లించును.

రంగు సంగతి మరింత చిక్కైనది. ఈ ఇల్లనగానే అందరికి జ్ఞప్తికి వచ్చునది నల్లని కర్రలు, తెల్లని ఖాళీలు. పటములన్నియు అట్లే యుండును. కాని అది తొలి రూపము కాదు. కొయ్యకు తారు పూసి, నడుమ తెల్లరంగు వేయుట పంతొమ్మిదవ శతాబ్దపు వేడుక. మోర్టనుల కాలమున ఓకును ఏ పూతయు లేక వదలిరి. అది ఎండవానలకు తనంత తాను వన్నె మారుచు వచ్చెడిది. ఖాళీలకు పసుపుపచ్చ కావిరంగు పూసెడివారు. అనగా జనులు చూచి మురియుచున్న పాతదనము విక్టోరియా రాణి నాటిది! నల్లరంగు తీసివేసినచో చరిత్ర సరియగునా, లేక ఆ నూటయేబది ఏండ్ల చరిత్రయు పోవునా? గీకుటలో కొయ్య పైపొరతో పాటు వడ్రంగి గుర్తులును పోవు ప్రమాదము కలదు. నన్నడిగినచో గీకవద్దనియే చెప్పుదును.

తొందరపడి తీసివేయకుండుటలో ఎంత లాభమున్నదో, ఎంత నష్టమున్నదో ఇంటిలోపలి ఒక చిన్న గది చూపుచున్నది. ఆ గది గోడలకు పదునెనిమిదవ శతాబ్దపు చెక్క తొడుగు ఉండెడిది. చూచుటకు ముచ్చటైనదే. 1976లో ఆ తొడుగు వెనుక పదహారవ శతాబ్దపు చిత్రలేఖనము బయటపడినది. క్రింద రంగులతో చెక్కపని వలె భ్రమ గొలుపు అలంకారము. పైన బైబిలు సంప్రదాయమునకు చెందిన సుసన్నా కథ, ఘట్టము తరువాత ఘట్టముగా. తొడుగు వేసినవారు బొమ్మలను పాతబడినవని కప్పిరి; ఆ కప్పుటచేతనే వెలుతురు, పొగ, చేతి తాకిడి సోకక అవి నిలిచినవి. ట్రస్టువారు వానిని చూపదలచి చెక్క తొడుగును తొలగించిరి. నేడు ఆ గదిలో వంగిన ద్వారము దాటి నిలుచువారికి, కొన్ని చోట్ల చెదరియు, మరికొన్ని చోట్ల స్పష్టముగను, సుసన్నాపై నింద మోపిన పెద్దలును, ఆమెయు గోడపై కనిపించుచున్నారు.